గడప లెక్క, పొయ్యి లెక్క

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో కెనడాలోని ఎలియట్ లేక్ అనే చిన్న ఊరి జనగణన వివరాలను అర పేజీలో ఇచ్చాము. ఒంటారియో రాష్ట్రంలో సడ్‌బరీ, సూ సెయింట్ మరీ నగరాల నడుమ, అడవులూ చెరువులూ పరుచుకున్న చోట ఉన్న ఆ ఊరిలో 2016లో 10,741 మంది ఉండగా 2021 నాటికి 11,372 మంది అయ్యారనీ, ఇంటికి సగటున సుమారు ఇద్దరే ఉంటున్నారనీ, ఒకప్పుడు అది యురేనియం గనుల మీద బతికిన ఊరనీ అందులో రాశాము. ఎక్కడో ఉన్న చిన్న ఊరి అంకెలు ఎవరికి పడతాయిలే అనుకున్నాము, ఆ అనుకోవడం తప్పయింది. హనుమకొండ, గోదావరిఖని, జగిత్యాల, మంచిర్యాల నుంచి వచ్చిన ఉత్తరాలను చూస్తే, పిల్లలు కెనడాలో ఉన్న ఇళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో తెలిసివచ్చింది. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాము. ఈ శీర్షిక రాసే వ్యక్తి 2001లోనూ 2011లోనూ ఎన్యూమరేటరుగా వరంగల్ వీధుల్లో ఇల్లిల్లూ తిరిగిన బడిపంతులు కాబట్టి, అక్కడక్కడా సొంత అనుభవం దొర్లితే మన్నించగలరు.

ప్రశ్న: మా చిన్నబ్బాయికి ఎలియట్ లేక్‌లోని ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. నేను ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. బాయిలు మూతబడితే ఊరు ఏమవుతుందో కళ్లారా చూసినవాణ్ణి. అది కూడా గనుల ఊరేనని మీరు రాశారు. ఐదేండ్లలో ఆరు వందల మంది పెరిగారంటే ఆ ఊరు లేస్తున్నదనుకోవాలా, పడిపోతున్నదనుకోవాలా?
— ఒక విశ్రాంత కార్మికుడు, గోదావరిఖని

జవాబు: రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేస్తే 631 మంది, అంటే 5.9 శాతం పెరుగుదల కనిపిస్తుంది. అదే ఐదేళ్లలో కెనడా మొత్తం 5.2 శాతమే పెరిగింది కాబట్టి, ఊరు దేశం కన్నా ఒక అడుగు ముందే ఉన్నట్టు లెక్క. అయితే ఒక్క షిఫ్టులో తీసిన బొగ్గును చూసి బాయి ఆయుష్షు చెప్పలేమన్న సంగతి మీకు మా కన్నా బాగా తెలుసు. ఈ ఊరి అంకెలను కూడా కాస్త వెనక్కి వెళ్లి చదవాలి.

1953లో ఆ ప్రాంతంలో యురేనియం బయటపడింది. 1955లో గని కార్మికుల కోసమే ప్లాను గీసి ఊరిని కట్టారు. అణ్వాయుధాల కోసం అమెరికా ఎంత తవ్వితే అంత కొన్న రోజులవి. 1950ల చివరికి జనం పాతిక వేల దాకా చేరారు. 1959లో అమెరికా ఒప్పందాలను ఇక పొడిగించబోమని చెప్పేసింది. ఐదారేళ్లు తిరిగేసరికి ఆ పాతిక వేలు కాస్తా ఏడు వేల దగ్గరికి దిగిపోయాయి. తర్వాత ఒంటారియో విద్యుత్ సంస్థ తన అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం కొనడం మొదలుపెట్టాక ఊరు మళ్లీ నిండింది. 1990లో పెద్ద గనుల మూసివేత ప్రకటన వచ్చింది, 1996లో చివరి గని కూడా ఆగిపోయింది. జనగణన అంకెలు ఆ తర్వాతి కథను చెబుతాయి: 1991లో 14,089 మంది, 2001లో 11,956, 2011లో 11,348, 2016లో 10,741. అంటే 2021లో ఊరు ఒక మెట్టు ఎక్కిన మాట నిజమే గానీ, ముప్పై ఏళ్ల కిందటి జనంలో ఇప్పటికీ దాదాపు ఐదో వంతు తక్కువే.

మీ వంటి అనుభవజ్ఞులు గమనించవలసింది ఇంకొకటి ఉంది. మొదటిసారి గనులు తగ్గినప్పుడు ఊరు విడిచిపోయినవారు దాదాపు పద్దెనిమిది వేలు. రెండోసారి ఒక్క గని కూడా మిగలకుండా మూతబడినా, 1991 తర్వాతి ముప్పై ఏళ్లలో తగ్గినది మూడు వేల లోపే. ఈ తేడాకు మేము చూసినంతవరకు ప్రధాన కారణం ఇళ్లు. గనులు పోయినా కార్మికుల కోసం కట్టిన ఇళ్లూ, అపార్టుమెంట్లూ మిగిలాయి. 1987లో మొదలైన ఒక పథకం కింద వాటిని తక్కువ అద్దెకు రిటైరైనవారికి ఇవ్వసాగారు. పెద్ద నగరాల్లో అద్దె కట్టలేని వృద్ధులు ఆ చలి ప్రాంతానికి వెతుక్కుంటూ వచ్చారు. మన గనుల ఊళ్లలో ఖాళీ అయిన క్వార్టర్ల వరుసలను మీరు చూసే ఉంటారు. ముందు కిటికీ రెక్కలు పోతాయి, తర్వాత తలుపు చట్రం పోతుంది, రెండు వానలు పడేసరికి వంటింటి గోడలో రావి మొలుస్తుంది. సింగరేణిలో 1990ల ఆరంభంలో లక్ష దాటిన ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. తట్టాచెమ్మస్ (బొగ్గును పారతో తట్టలకెత్తే చేతిపని) పోయి ఓపెన్‌కాస్టు యంత్రాలు వచ్చాక మనిషి అవసరం తగ్గింది గానీ, ఆ మనుషులు విడిచిన ఇళ్లను ఎవరికి, ఏ అద్దెకు ఇవ్వాలన్న ఆలోచన మన దగ్గర అంత పట్టుదలగా సాగలేదని నా అభిప్రాయం.

ఇక వయసు సంగతి. ఊరి జనాన్ని వయసు వారీగా వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచే మనిషి వయసు కెనడాలో 41.6 ఏళ్లు కాగా, ఎలియట్ లేక్‌లో అది 55 దాటింది. 65 నిండినవారు దేశంలో నూటికి 19 మంది, ఈ ఊరిలో ముగ్గురిలో ఒకరి కన్నా ఎక్కువే. అటువంటి చోట పుట్టేవారి కన్నా పోయేవారే ఎక్కువగా ఉంటారు కనుక, పెరిగిన 631 మందీ పురుళ్ల వల్ల కాక బయటినుంచి వచ్చి చేరినవారి వల్లే పెరిగారని అర్థం చేసుకోవాలి. ఇంటికి ఇద్దరు అన్న సగటు కూడా ఇక్కడినుంచే వస్తుంది. 2011 జనగణనలో తెలంగాణలో కుటుంబానికి 4.2 మంది తేలారు. ఆ సగటున అయితే పదకొండు వేల చిల్లర జనానికి 2,700 ఇళ్లు సరిపోతాయి. ఇద్దరేసి, ఒక్కొక్కరేసి ఉంటున్నారు కనుక అదే జనానికి అక్కడ దానికి రెట్టింపు ఇళ్లు కావాలి. జనం తగ్గినా ఇళ్లు నిండి ఉండడంలోని కిటుకు అదే.

కాబట్టి మీ అబ్బాయిని బెంగ లేకుండా పంపవచ్చు. వృద్ధులు ఎక్కువగా ఉన్న ఊరిలో ఆస్పత్రి పనికి కరువు రాదు. పట్టికలో అతను చూడవలసిన వరుస జనాభా కాదు. ‘మొత్తం నివాసాలు’, ‘స్థిర నివాసులున్న నివాసాలు’ అని రెండు వరుసలు పక్కపక్కన ఉంటాయి. దేశమంతటికీ 2021లో మొదటిది 1,62,84,235, రెండోది 1,49,78,941. నడుమనున్న పదమూడు లక్షలూ పాడుబడ్డ ఇళ్లు కావు. వాటిలో అద్దెకు సిద్ధంగా ఉన్నవీ, చెరువు గట్టున వేసవికి మాత్రమే తెరిచేవీ, తాత్కాలికంగా ఉండేవారివీ కలిసి ఉంటాయి. చిన్న ఊరిలో ఈ తేడా ఒక జనగణన నుంచి మరో జనగణనకు పెరుగుతూ పోతుంటే అప్పుడు అనుమానించాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఒంటారియోలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ముగ్గురు స్నేహితులతో కలిసి అద్దెకుంటున్నాడు. పైన ఇంటివాళ్లు ఉంటారు. కింద నలుగురూ ఎవరి వంట వారే వండుకుంటారు, ఎందుకంటే ఒకరు మాంసం ముట్టరు, ఒకరికి నైట్ డ్యూటీ. మన లెక్కలో అయితే ఇవి నాలుగు కుటుంబాలు. అక్కడి జనగణన వీళ్లను ఎట్లా లెక్కిస్తుంది?
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: ఒక్కటిగానే లెక్కిస్తుంది. మీ ప్రశ్న చిన్నదే గానీ, రెండు దేశాల పట్టికలను పక్కపక్కన పెట్టి చదివేవారు సాధారణంగా జారిపడే మెట్టు ఇదే.

మన జనగణనలో కుటుంబం అంటే కలిసి నివసిస్తూ ఒకే వంటగది నుంచి తినేవారు. అంటే కొలత పొయ్యి. 2011 ఫిబ్రవరిలో వరంగల్ పాతబస్తీలో ఒక ఇంటికి వెళ్లాను. గుమ్మం ఒకటే, లోపల వాకిలీ ఒకటే. పెద్దావిడ మంచం మీద కూర్చొని, “మాది ఒక్కటే ఇల్లు సారూ, ఒక్కటే రాసుకో” అన్నది. నేను కలం తీసేలోపు చిన్నకోడలు చీరతో కట్టిన పరదాను పక్కకు జరిపి, గూట్లో పెట్టుకున్న ఒంటి బర్నర్ గ్యాసు పొయ్యిని చూపించి, “మేము మొన్న దసరాకే ఏరువడ్డం సార్, మాది ఏరే” అన్నది. పెద్దావిడ మొహం అటు తిప్పుకున్నది. నిబంధన ప్రకారం నేను రెండు కుటుంబాలుగానే రాయవలసి వచ్చింది. ఇల్లు ఒకటి, కుటుంబాలు రెండు. ఆ గుమ్మం దిగి వచ్చేటప్పుడు ఆ తల్లి వైపు చూడలేకపోయాను.

కెనడా గణాంక సంస్థకు పొయ్యితో పని లేదు. ఒక నివాసంలో ఉన్నవారందరూ, వారి మధ్య చుట్టరికం ఉన్నా లేకున్నా, కలిసి తిన్నా తినకున్నా, ఒకే కుటుంబం కింద లెక్క. మరి నివాసం అంటే ఏమిటి? ఇంకొకరి ఇంట్లోంచి నడవకుండా, బయటినుంచో అందరూ వాడుకునే మెట్ల దగ్గరినుంచో నేరుగా లోపలికి వెళ్లే సొంత ద్వారం ఉన్న గదుల సముదాయం. అంటే కొలత గడప. ఇది మనకు కొత్తదేమీ కాదు. “మా ఊరు రెండు వందల గడప” అని మన తాతలు చెప్పేవారు. ఆ పాత లెక్క కెనడాలో ఉంది, మన సర్కారు మాత్రం పొయ్యి లెక్కకు మారింది.

ఇప్పుడు మీ అబ్బాయి ఇంటికి వద్దాము. బేస్‌మెంట్‌కు విడిగా ద్వారం ఉంటే కింద నలుగురూ ఒక కుటుంబం, పైన ఇంటివాళ్లు ఇంకొక కుటుంబం. ద్వారం లేక, ఇంటివాళ్ల హాల్లోంచే కిందికి దిగవలసి వస్తే పైవారూ కిందివారూ కలిసి ఒకటే కుటుంబం. విడిగా ద్వారం ఉన్నప్పుడు మరో చిత్రం జరుగుతుంది: వీధిలోంచి చూస్తే విడి ఇల్లులా కనిపించే ఆ కట్టడం ‘విడి ఇల్లు’ అన్న గడిలోంచి జారి, పైభాగమూ కిందిభాగమూ రెండూ ‘డూప్లెక్సులోని అపార్టుమెంటు’ అన్న గడిలో పడతాయి. అందువల్ల ఒక ఊరిలో డూప్లెక్సులు ఒక్కసారిగా పెరిగినట్టు పట్టిక చూపిస్తే కొత్త కట్టడాలు లేచాయని అనుకోకూడదు, ఉన్న ఇళ్ల కింద అద్దెవాళ్లు దిగి ఉండవచ్చు.

చుట్టరికం లేకుండా కలిసి ఉండే మీ అబ్బాయి వంటి వారి కుటుంబాలు 2001 నుంచి 2021 లోపల 54 శాతం పెరిగాయి, అన్ని రకాల కుటుంబాలలోకీ వేగంగా పెరిగినవి అవే. మొత్తం కుటుంబాలలో ఒంటరిగా ఉండేవారివి 29.3 శాతం. మూడు తరాలు ఒక కప్పు కింద ఉండేవి, మన దగ్గర ఒకప్పుడు మామూలైనవి, అక్కడ నూటికి మూడు కూడా లేవు. ఇంకో ముచ్చట: మన ఫారంలో ‘కుటుంబ పెద్ద’ ఎవరని అడిగితే ఇంట్లో అందరూ పెద్దాయన వైపు చూస్తారు. అక్కడ అద్దె గానీ, ఇంటి అప్పు వాయిదా గానీ, కరెంటు బిల్లు గానీ కట్టే మనిషి పేరు అడుగుతారు. మీ అబ్బాయి నలుగురిలో అద్దె పంపే బాధ్యత ఎవరిదైతే, పత్రంలో పెద్ద కూడా వాడే.

మన పొయ్యిలు కూడా పెరుగుతూనే ఉన్నాయి. 2024 చివర్లో తెలంగాణలో జరిగిన ఇంటింటి సర్వేలో 1.12 కోట్ల కుటుంబాలలో 3.54 కోట్ల మంది తేలారు, అంటే కుటుంబానికి 3.2 మంది. జనగణనా, ఈ సర్వేనూ ఒకే పద్ధతిలో జరిగినవి కావు కనుక 4.2ను 3.2తో నేరుగా పోల్చరాదు. వేరు రేషన్ కార్డు ఆశించి వేరు కుటుంబంగా రాయించుకున్నవారూ వాటిలో ఉండకపోరు. అయినా దిశ మాత్రం కెనడా సగటు 2.4 వైపే.

ప్రశ్న: 2021లో మేమిద్దరమూ మా అమ్మాయి దగ్గరికి కెనడా వెళ్లాము. ఆరు నెలలని వెళితే కరోనా వల్ల విమానాలు ఆగిపోయి ఇంకా ఎక్కువ కాలమే ఉన్నాము. మే నెలలో జనగణన ఉత్తరం వచ్చింది. అల్లుడు మా పేర్లు రాయలేదు. మేము ఇక్కడా లెక్కలో లేము, అక్కడా లెక్కలో లేము కదా?
— ఒక దంపతులు, కాజీపేట

జవాబు: మీ అల్లుడు గారు చేసినది సరైనదే, ఆయన మీద కినుక వద్దు. 2021 మే 11 ఆధార తేదీగా జరిగిన ఆ జనగణనలో మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడన్నది ముఖ్యం కాదు, అతని స్థిర నివాసం ఏదన్నదే ముఖ్యం. పౌరులు, శాశ్వత నివాసులు మాత్రమే కాక చదువు అనుమతి మీదా పని అనుమతి మీదా ఉన్నవారు కూడా లెక్కలోకి వస్తారు. అట్లాంటి తాత్కాలిక నివాసులు అప్పుడు తొమ్మిది లక్షల పైచిలుకు తేలారు. కానీ చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు అతిథులే, ఎన్ని నెలలున్నా సరే.

లెక్కల్లో మనిషి ఎక్కడి వాడన్న చిక్కు మనకూ తెలుసు. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే అన్నప్పుడు భివండీ, సూరత్, ముంబై నుంచి మన వాళ్లు రైళ్లలో తలుపులకు వేలాడుతూ వచ్చారు. ఇంట్లో కనబడకపోతే పేరు పోతుందన్న భయం. కెనడాలో అటువంటి పరుగు ఉండదు. ఉత్తరంలో వచ్చిన అంకెల కోడ్‌తో ఇంట్లో కూర్చొని ఆన్‌లైన్‌లో నింపుతారు, పదింట ఎనిమిది ఇళ్లకు పైగా అట్లాగే నింపాయి. మీ విషయానికొస్తే, మన దేశంలో 2021 జనగణన వాయిదా పడింది కనుక ఆ ఏడాది మీరు కాజీపేటలో ఉన్నా లెక్కలోకి వచ్చేవారు కారు. తరువాతి దానికి 2027 మార్చి 1 ఆధార తేదీ.

ప్రశ్న: మా చెల్లెలు, బావ టొరంటో అద్దెలు మోయలేక చిన్న ఊరికి మారాలనుకుంటున్నారు. ఊరి పట్టికలో ‘ఆదాయంలో 30 శాతం లేదా అంతకు మించి ఇంటికి ఖర్చు చేసేవారు’ అనీ, ‘ప్రధాన గృహావసరం’లో ఉన్నవారు అనీ వరుసలున్నాయి. ఇవి తక్కువగా ఉన్న ఊరిని ఎంచుకుంటే చాలా?
— ఒక ప్రైవేటు ఉద్యోగి, మంచిర్యాల

జవాబు: చాలదు. ఆ వరుసలను 2021 పట్టికలో చదివేటప్పుడు ఒక కన్ను మూసుకుని చదవాలి. అందులోని ఆదాయం 2020 సంవత్సరానిది, అదీ ప్రజలు చెప్పినది కాక పన్ను రికార్డుల నుంచి తీసుకున్నది. ఆ ఏడాది కరోనా కారణంగా పని పోయినవారికి కెనడా ప్రభుత్వం నాలుగు వారాలకు రెండు వేల డాలర్ల చొప్పున సాయం ఇచ్చింది. చిన్న జీతాలవారి ఆదాయం కాగితం మీద ఉబ్బింది. అందుకే ప్రధాన గృహావసరంలో ఉన్న కుటుంబాలు 2016లో 12.7 శాతం ఉండగా 2021లో 10.1 శాతానికి తగ్గినట్టు తేలింది. సాయం ఆగిపోయింది, అద్దెలు మాత్రం ఆగలేదు.

‘ప్రధాన గృహావసరం’ అన్న మాటకు మూడు పరీక్షలున్నాయి. ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం లోపు ఉండాలి. ఈ ఖర్చులో అద్దె ఒక్కటే కాదు, కరెంటు, నీరు, వేడి కోసం కాల్చే ఇంధనం కూడా ఉంటాయి. ఉత్తరపు ఊళ్లలో ఆరు నెలల చలికి ఆ చివరి పద్దు చిన్నది కాదని మీ బావ గారికి చెప్పండి. రెండోది, ఇంటికి పెద్ద మరమ్మతు అవసరం ఉండకూడదు. మూడోది, పడక గదులు చాలినన్ని ఉండాలి: దంపతులకు ఒక గది, పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒంటరి మనిషికీ ఒక గది, ఒక్క గదిలో ఇద్దరికి మించి ఉండరాదు. పై ఉత్తరంలోని నలుగురు కుర్రాళ్లు రెండు గదుల్లో సర్దుకుంటే ఈ మూడో పరీక్షలో తప్పినట్టే. వీటిలో ఏదో ఒకటి తప్పినంత మాత్రాన చాలదు. అదే ఊరిలో అన్నీ సరిగా ఉన్న మామూలు ఇంటిని తీసుకోవాలన్నా 30 శాతం దాటుతుందంటేనే ఆ కుటుంబాన్ని ఈ గడిలో వేస్తారు.

మరమ్మతుల గడిని కూడా జాగ్రత్తగా చూడాలి. నిత్యం చేసే పనులు చాలు, చిన్న మరమ్మతు కావాలి, పెద్ద మరమ్మతు కావాలి అని మూడు జవాబులుంటాయి. ఇంజినీరు వచ్చి చూసేది లేదు, ఇంట్లో ఉన్నవారు ఏమనుకుంటే అదే టిక్కు. పైగా సొంతమా అద్దెనా, ఇల్లు ఎప్పటిది, గదులెన్ని అన్న ప్రశ్నలు నాలుగిళ్లలో ఒక ఇంటికి మాత్రమే వెళ్లే పెద్ద ఫారంలో ఉంటాయి. లక్ష ఇళ్ల నగరంలో ఆ నాలుగో వంతు నుంచి వచ్చే అంచనా గట్టిగానే ఉంటుంది. ఎనిమిది వందల ఇళ్ల ఊరిలో రెండు వందల ఇళ్లను అడిగి, అందులోంచి పదిహేను అద్దె ఇళ్ల సంగతి చెబితే ఆ మాట ఎంత దూరం నిలుస్తుంది? 2011లో ఈ పెద్ద ఫారంను తప్పనిసరి కాదన్నందుకు చాలా చిన్న ఊళ్ల వివరాలు ప్రచురణకే పనికిరాకుండా పోయాయి. ప్రభుత్వం ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు, 2010లో, గణాంక సంస్థ అధిపతి మునీర్ షేక్ పదవికి రాజీనామా చేశారు. 2016లో దాన్ని మళ్లీ తప్పనిసరి చేశారు. అందువల్ల 2011 నాటి అద్దె, ఆదాయం అంకెలను ఇప్పటివాటితో పోల్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించమనండి.

సొంత ఇళ్లవారు దేశంలో 2011లో 69 శాతం ఉండగా 2021లో 66.5 శాతం. చిన్న ఊళ్లలో ఈ శాతం ఎక్కువగా ఉండడం మామూలే. చూడడానికి బాగానే ఉంటుంది గానీ, అద్దెకు వెతికే మీ చెల్లెలికి దాని అర్థం వేరు: అద్దె ఇళ్లు తక్కువ అని.

ప్రశ్న: నేను డిగ్రీలో గణాంకశాస్త్రం చదువుతున్నాను. ఆ దేశపు చిన్న ఊళ్ల పట్టికల్లో ప్రతి అంకె 0తోనో 5తోనో ముగుస్తుంది, కూడితే మొత్తం సరిపోదు. లెక్కలు వండారా?
— ఒక విద్యార్థిని, జగిత్యాల

జవాబు: వండలేదు, కావాలనే చెరిపారు. ఊరిలో తెలుగు మాట్లాడేవారు ముగ్గురే ఉన్నారనుకుందాం. ఆ 3ను అట్లాగే అచ్చువేస్తే వారెవరో ఊరందరికీ తెలుస్తుంది, వారి ఆదాయం వరుస చూస్తే జీతమూ తెలుస్తుంది. అందుకని ప్రతి అంకెనూ పైకో కిందికో, ఏ వైపన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించి, 5 గుణిజానికి, కొన్ని పట్టికల్లో 10 గుణిజానికి జరుపుతారు. ఆ ముగ్గురు పట్టికలో 0గా మాయమైపోవచ్చు, 5గా పెరిగిపోనూ వచ్చు. మొత్తాన్ని కూడా విడిగానే జరుపుతారు కనుక కూడిక కలవదు. ఊరి మొత్తం జనాభాకూ మొత్తం నివాసాల సంఖ్యకూ మాత్రం ఈ నియమం వర్తించదు, అందుకే 11,372 అన్న అంకె చెక్కుచెదరకుండా ఉంది. పెద్ద నగరంలో ఐదు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, చిన్న ఊరిలో 5 నుంచి 10కి మారితే ‘నూరు శాతం పెరుగుదల’ అని రాసే విలేకరులుంటారు. మీరు ఆ పని చేయకండి.

ప్రశ్న: పదకొండు వేల మంది ఉన్న ఎలియట్ లేక్‌ను అక్కడ నగరం అంటారట. మన దగ్గర అది పెద్ద గ్రామ పంచాయతీ. చదరపు కిలోమీటరుకు పదహారు మందే ఉంటే అది నగరమెట్లా అవుతుంది?
— ఒక గ్రామ పంచాయతీ మాజీ సభ్యుడు, ములుగు

జవాబు: నగరం, పట్టణం, గ్రామం అన్నవి కెనడాలో ఆయా రాష్ట్రాల చట్టాలు ఇచ్చే హోదాలు, జనాభాతో వాటికి అంత పట్టింపు లేదు. గణాంక సంస్థకు మాత్రం సొంత కొలత ఒకటి ఉంది: కనీసం వెయ్యి మంది ఉండి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది చొప్పున గుంపుగా నివసిస్తుంటే దాన్ని జనావాస కేంద్రం అంటుంది. మన జనగణన కూడా ఒక ఊరిని పట్టణంగా గుర్తించడానికి అదే 400 సాంద్రతను అడుగుతుంది, దానితోపాటు ఐదు వేల జనాభానూ, పనిచేసే మగవారిలో నూటికి 75 మంది వ్యవసాయేతర పనుల్లో ఉండడాన్నీ అడుగుతుంది.

పదహారు అన్న అంకె ఊరి హద్దుల వల్ల వచ్చినది. ఎలియట్ లేక్ మున్సిపల్ హద్దు సుమారు 700 చదరపు కిలోమీటర్లు, అంటే మన గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ విస్తీర్ణానికి ఒకటిన్నర రెట్ల పైనే. అందులో ఎక్కువ భాగం అడవి, రాతి గుట్టలు, చెరువులు, మూసేసిన గనుల స్థలాలు. జనమంతా నాలుగైదు వీధుల సముదాయాల్లోనే ఒత్తుగా ఉంటారు. మీ ములుగు వైపు గోవిందరావుపేట నుంచి తాడ్వాయి దాకా అడవినంతా ఒక పంచాయతీ హద్దులో కలిపి సాంద్రత లెక్కగడితే ఎట్లా ఉంటుందో, ఇదీ అట్లాగే.